గొట్టాల పెట్టె వెనక మా బాపు

పోయిన వారం మా చర్చికి కొత్తగా వచ్చిన అయ్యగారు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు వాకిట్లోనే విడిచి, మంచం పట్టె మీద ఒదిగి కూర్చుని, చర్చికి పెద్ద పండుగ చేస్తున్నామనీ, ఒక పుస్తకం వేస్తున్నామనీ, అందులో మా పాత ఆర్గన్ గురించి నేను నాలుగు మంచి మాటలు రాయాలనీ అడిగాడు. పాతవాళ్ళలో మిగిలింది నేనేనట. మంచి పిల్లవాడు. నాకు షుగరు ఉందని ఇంట్లో చక్కెర లేని చాయ్ ఇస్తే ముఖం మాడ్చకుండా తాగాడు. అంతవరకూ బాగానే ఉంది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, "అమ్మా, మన పాత పెద్దమనుషులు దాన్ని ఎంత ప్రేమగ కాపాడుకున్నరో, గది రాయుండ్రి" అన్నాడు. ఆ కాపాడిన పెద్దమనిషి ఫోటో చర్చి లోపలి గోడకు ఇప్పటికీ దండతో వేలాడుతోంది. ఆయన మా మేనమామ. అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నాను, మాటలను మెత్తగా చేసి రాయడం ఎవరూ నేర్పలేదు. అడిగారు కాబట్టి రాస్తున్నాను. పుస్తకంలో వేస్తారో, పొయ్యిలో వేస్తారో వాళ్ళ ఇష్టం.

మా ఊరు బోధన్ నుంచి వర్నికి పోయే తోవలో, చెరుకు తోటల నడుమ ఉంటుంది. చర్చి చిన్నది. సున్నం గోడలు, పెంకుల కప్పు, మగవాళ్ళకు నాలుగు బెంచీలు, ఆడవాళ్ళకు జంపఖానా. చెరుకు ఆడించే కాలం వచ్చిందంటే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన గాలిలో కొట్టుకొచ్చి ప్రార్థనలో మా పక్కనే కూర్చునేది. ప్రసంగం ఎంత సేపయిందో ఫ్యాక్టరీ సైరన్‌ను బట్టి లెక్క వేసుకునేవాళ్ళం. సైరన్ కూసినా అయ్యగారు ఆపకపోతే మగవాళ్ళు దగ్గడం మొదలుపెట్టేవాళ్ళు. అంత చిన్న చర్చిలో అంత పెద్ద ఆర్గన్ ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను పుట్టకముందు ఉన్న ఒక మిషను దొరసాని, తన దేశంలో ఏదో చర్చివాళ్ళు తీసేస్తున్న పాతదాన్ని అడిగి, విప్పించి, ఓడలో బొంబాయికీ, అక్కడి నుంచి రైల్లో నిజామాబాద్‌కూ తెప్పించిందట. స్టేషన్ నుంచి మా ఊరికి చెరుకు బండ్ల మీద వచ్చింది. ఆ బండ్లలో ఒకటి మా తాత తోలాడు. "గన్ని పొడుగు పెట్టెలు జూసి, ఏ దొర పీనుగులో అనుకొని తొవ్వ పొడుగున దండం వెట్టుకుంట వచ్చిన" అని నవ్వేవాడు.

టేకు పెట్టె, వడ్ల గుమ్మి అంత ఎత్తు. ముందు వరసగా బంగారు రంగు వేసిన గొట్టాలు, వాటి మీద నీలం పూలు. ఆర్గన్ అనే మాట మాకు నోరు తిరగలేదు, గొట్టాల పెట్టె అనేవాళ్ళం. కోత పండుగకు చుట్టుపక్కల పసుపు రైతులు కూడా వచ్చి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఒక ఏడు వేల్పూర్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ దాని ముందు కొబ్బరికాయ కొట్టబోతే అప్పటి అయ్యగారు పరుగున వచ్చి ఆపాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. "గింత మంచిగ పాడెదానికి ఒక్క కాయ గొడ్తె మీదేం బోతది" అని కాయను మళ్ళీ సంచిలో వేసుకుంది.

వాయించేది ముందు దొరసాని, ఆమె వెళ్ళిపోయాక బోధన్ బడిలో పనిచేసే పంతులమ్మ. కోస్తా నుంచి వచ్చినామె, పెద్ద పండుగలకు మాత్రమే మా ఊరికి వచ్చేది. వాళ్ళ వేళ్ళు అందరికీ కనిపించేవి. కనిపించనిది మా బాపు, నా తండ్రి. పెట్టెకూ వెనక గోడకూ నడుమ ఒక మనిషి అడ్డంగా దూరేంత సందు ఉంది. అక్కడ ఒక కట్టె పిడి. దాన్ని కిందికీ మీదికీ కొడుతుంటే లోపలి తోలు తిత్తిలో గాలి నిండుతుంది. ఆ గాలి లేకపోతే దొరసాని కాదు కదా, దేవదూత దిగివచ్చి వాయించినా కుయ్యిమనదు. బాపు వారమంతా చెరుకు కొట్టి, పెట్టె వాయించే రోజున తెల్ల అంగీ తొడుక్కుని ఆ సందులో దూరేవాడు. పరదా కింద ఆయన పాదాలు మాత్రం కనిపించేవి. చిన్నప్పుడు నేను దేవుడి వైపు కాక ఆ పాదాల వైపు చూస్తూ పాడేదాన్ని.

క్రిస్మస్‌కు ముందు లోపలి గొట్టాలను తుడవడం బాపు పని. తోడుగా నన్ను తీసుకుపోయేవాడు. అవి బంగారు రంగు కావు, బూడిద రంగు. కింది భాగం ముల్లంగి గడ్డలా సన్నబడి ఉంటుంది, దాని పైన మనిషి పెదవుల్లా నొక్కిన ఒక నోరు. వేలితో నొక్కితే సొట్ట పడేంత మెత్తన. పాత చీర పేలికతో ఒక్కొక్క నోరు తుడుస్తూ బాపు చెప్పిన మాట నాకు అప్పుడు నమ్మబుద్ధి కాలేదు. "ముందటియి ఉత్తగనే నిలవడ్డయి బిడ్డ. అయి పాడయి. పాడెటియన్ని లోపటనే ఉన్నయి." ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళు. అంత మెరిసేవి పాడకపోవడమేమిటి అని.

ఇక మా మామ గురించి. మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడు. ఫ్యాక్టరీ ఆఫీసులో నౌకరీ, సైకిలు, చేతికి గడియారం, చర్చిలో మొదటి బెంచీలో గోడవారగా సీటు. సంఘ పెద్ద. ఆయన వస్తుంటే అవ్వ ముఖం వెలిగేది. మా ఇంట్లో కోడి కోస్తే తొడ ఆయనకు, మెడ బాపుకు. ఆయన మాట తియ్యగా ఉండేది, అది నేను కాదనను. కోత పండుగకు కానుకల హర్రాజు, అంటే వేలం, పాడేది ప్రతి ఏడూ ఆయనే. గుమ్మడికాయ పట్టుకుంటే గుమ్మడికాయ గురించి, కోడిని పట్టుకుంటే కోడి గురించి అక్కడికక్కడ మాట అల్లి జనాన్ని నవ్వించేవాడు. గొట్టాల పెట్టె వెనక తలుపుకు తాళంచెవులు రెండు. ఒకటి బాపు మొలతాడుకు, రెండోది సంఘ పెద్దగా మామ ఇంట్లో. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. కాని పుట్టినప్పటి నుంచీ మొదటి బెంచీలో కూర్చున్న మనిషి, పెట్టె వెనక్కి అప్పటిదాకా ఒక్కసారి కూడా తొంగి చూసి ఎరగడు.

పోచంపాడు డ్యాం పని మొదలైన దినాల్లో, ఒక ఎండాకాలం, మామ తన బిడ్డ పెండ్లి చేశాడు. పెండ్లి డిచ్‌పల్లిలో మగపెండ్లివాళ్ళ చర్చిలో అయింది. విందు మాత్రం మా ఊళ్ళో, మామ ఇంటి ముందు పందిట్లో. విందుకు ముందు ఇత్తడి గంగాళాలకూ, బగోనలకూ లోపలి తగరం పూత అరిగిందని కళాయి వేయించాడు. బోధన్ నుంచి వచ్చే సాయిబు వేశాడు. విందులో పప్పు బాగుంది, మాంసం బాగుంది, పచ్చిపులుసు మాత్రం నల్లగా, కంచాల్లో వాననీళ్ళు నిలిచినట్టు ఉంది. తాగినవాళ్ళు నాలుక చప్పరించి పక్కకు పెట్టారు. పులుసు కలిపింది మా అత్త, అంటే మామ భార్య. వియ్యంకుల ముందు మామ ఆమెను కడిగి పారేశాడు. చింతపండు కడగడం రాదన్నాడు, వాళ్ళ తల్లిగారి ఇంట్లో ఏదీ నేర్పలేదన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని వంటపందిరి వెనక్కి వెళ్ళింది. తరువాత చాలా రోజులు ఆడవాళ్ళం చింతపండును అనుమానించాం. మోస్రా అంగడి చింతపండు కొనడం కొందరు మానేశారు కూడా. పాపం, ఆ చింతపండు చేసిన నేరమేమీ లేదు.

ఆ ఏడు వానాకాలమంతా పెట్టె మీద టార్పాలిన్ కప్పి ఉంది. క్రిస్మస్‌కు ముందు బాపుకు చలిజ్వరం వచ్చి లోపల తుడవడానికి పోలేకపోయాడు. పండుగ రోజు లేచి తెల్ల అంగీ తొడుక్కుని వెళ్ళి సందులో దూరాడు. పంతులమ్మ వాయించడం మొదలుపెట్టింది. మా ఊరికి ఇష్టమైన పాట ఒకటి ఉంది, ఏ పండుగకైనా అదే మొదటిది. మొదటి చరణం నడుమ పాట తెగిపోయింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ తెగింది. పళ్ళు ఊడిన ముసలమ్మ మాట్లాడినట్టు, ఒక మాట వినబడి ఒక మాట గాలి పోతోంది. జనం నోళ్ళు తెరిచి అట్లాగే ఆగిపోయారు. బాపు చెమటలతో పరదా తీసుకుని బయటికి వచ్చి, "తిత్తి నిండ గాలున్నది. పాట యాడికి పోయినట్టు" అన్నాడు. వెనక తలుపు తీసి చూస్తే, లోపలి బూడిద రంగు గొట్టాల్లో చాలా భాగం లేవు. ముందు బంగారువి ఒక్కటీ కదలలేదు.

మొదట మాట్లాడింది మామ. గొంతు పెంచలేదు. "పెట్టె ఎన్కకు ఎవరు వోతరు? తాళంచెవి ఎవరి మొలకున్నది? నేను మా బావను అనుడు నాకే కడుపుల దేవినట్టున్నది" అన్నాడు. రెండో తాళంచెవి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన మనిషి అవ్వ. ఆమె మొగుణ్ణీ చూసింది, తమ్ముణ్ణీ చూసింది, తల కిందికి వేసుకుంది. బాపు ఒక్క మాటే అన్నాడు: "నేను తియ్యలే." మళ్ళీ ఆ మాట జన్మలో అనలేదు. అడగనివాళ్ళకు చెప్పడం ఆయనకు చేతకాదు.

సంఘం కూర్చుంది. బాపు లోపలికి రాకూడదు, సంస్కారపు రొట్టె ముట్టకూడదు, దొంగతనం ఒప్పుకునేదాకా ఆరాధన సమయంలో బయటి మెట్టు మీద కూర్చోవాలి. మా దగ్గర అప్పుడు అదే పద్ధతి. ఊళ్ళోంచి వెళ్ళగొట్టరు, చర్చి గోడ బయట ప్రతి ఆదివారం అందరికీ కనిపించేటట్టు కూర్చోబెడతారు. వచ్చేవాళ్ళు ఆ మెట్టు ఎక్కే రావాలి. కొందరు బాపును తప్పించుకుని ఎక్కేవాళ్ళు, కొందరు అంగీకి కాలు తగిలించి ఎక్కేవాళ్ళు. ఎండ పొడిచినా, జల్లు కొట్టినా ఆయన తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి అక్కడే కూర్చున్నాడు. మానేసి ఇంట్లో ఉండమన్నాను. "ఇంట్ల కూసుంటె ఒప్పుకున్నట్టే" అన్నాడు. లోపల పాట మొదలైతే ఆయన కుడి చెయ్యి మోకాలి మీద కిందికీ మీదికీ ఆడేది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా నాకు మామ మెడ నులమాలనిపించేది. అప్పటికి నాకు పెండ్లయి, అదే ఊళ్ళో రెండు వీధుల అవతల కాపురం. పొద్దంతా బీడీలు చుట్టేదాన్ని. మామ ఎందుకు అంత తొందరగా వేలు చూపించాడో నాకు అంతు పట్టలేదు. కాని బాపును లోపలికి తీసుకురావాలి, అదీ మామ నోటితోనే పిలిపించి తీసుకురావాలి అని పట్టుబట్టాను. వేరే కోరిక నాకు లేకుండా పోయింది.

మరుసటి వానాకాలం పోయాక కళాయి సాయిబు మా వీధికి వచ్చాడు. మా బగోన ఒకటి లోపల పచ్చబడింది, వేయించుకుందామని పిలిచాను. వేపచెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు వేసి, చేతి తిత్తితో ఊదుతూ గిన్నె కాల్చాడు. పక్కన డబ్బాలోంచి, కళాయి పట్టుకోవడానికి వాడే నవాసాగరం పొడి తీసి గిన్నెలో చల్లాడు. ఆ పొడి తీసిన గరిట వైపు చూసిన నేను చూస్తూనే ఉండిపోయాను. గరిట కాదది. ముల్లంగి గడ్డలా సన్నబడిన బూడిద రంగు గొట్టం ముక్క. పై అంచున సగం కోసిన నోరు, నా చిన్నప్పుడు నేను పేలికతో తుడిచిన నోరు.

"సాయిబ్, గిది యాడిది?" అన్నాను. గొంతు మామూలుగానే ఉంచాను.

"నీ మామ ఇచ్చిండు బేటీ, బిడ్డ పెండ్లి గిన్నెలకు. సంచెడు దెచ్చిండు. తగరం పిరమైంది, ఇంట్ల ఉన్నదాన్నే కరిగిచ్చి రుద్దుమన్నడు. అరె, గిది ఖాలీ తగరం గాదు, సీసం గలిసింది, గిన్నె నల్లవడ్తదని జెప్పిన. నోరు మూసుకొని రుద్దుమన్నడు. నాదేంబోయింది, రుద్దిన. గీ ముక్క సక్కగున్నదని ఉంచుకున్న."

నేను లోపలికి పోయి నా కొత్త స్టీలు గరిట తెచ్చి ఆయన చేతిలో పెట్టి ఆ ముక్క అడిగాను. ఆయన నన్నూ, గరిటనూ మార్చి మార్చి చూసి, "పిచ్చిపిల్లవు" అని ఇచ్చేశాడు. కోత పండుగనాడు చర్చి దగ్గర పాత ఇత్తడి సామాను కూడా హర్రాజుకు వస్తుంది, తప్పకుండా రమ్మన్నాను. వస్తానన్నాడు. అప్పటికప్పుడు వీధిలోకి వెళ్ళి అరవవచ్చు. అరిస్తే మామ నా కన్నా మంచిగా మాట్లాడతాడని నాకు తెలుసు. ముక్కను బియ్యపు కుండలో దాచి, బీడీలు చుట్టుకుంటూ చలికాలం కోసం ఎదురుచూశాను. నా ఇంటాయనకు కూడా చెప్పలేదు. నా జన్మలో అంత కమ్మగా గడిచిన రోజులు తక్కువ.

కోత పండుగ అంటే, కొత్త పంట ఇంటికి వచ్చాక ప్రతి ఇల్లూ తొలి పంటలోంచి కొంత గంపలో పెట్టి దేవుడికి తెస్తుంది. ఆరాధన అయ్యాక అవన్నీ హర్రాజు పాడతారు. పాడేవాడు గంపలోని ప్రతి వస్తువునూ తన చేత్తో బయటికి తీసి, తలకన్నా ఎత్తున పట్టుకుని, ఏ ఇంటిదో చెప్పి, నాలుగు మాటలు పొగడాలి. ఊరికే చెయ్యి పెట్టి తిప్పేసి పక్కకు పెడితే ఆ ఇంటికి అవమానం. బయట మెట్టు మీద ఉన్నవాళ్ళ ఇంటి కానుకైనా సరే, దేవుడి కానుకే. బాపు లోపలికి రాడు కాబట్టి ఆయన పేరు మీద గంప నేను తెచ్చాను. మీద మక్కకంకులు, వాటి కింద పసుపు కొమ్ములు, అడుగున నా పాత రవికె గుడ్డలో ఆ ముక్క.

మామ ఆ రోజు మంచి ఊపులో ఉన్నాడు. ఒక పుంజును పట్టుకుని, "గిది కూసుడు మొదలువెడ్తె మన అయ్యగారి ప్రసంగం లెక్కనే, ఆపుడుండది" అంటే అయ్యగారు కూడా నవ్వాడు. మా గంప దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "ఇగ మా బావ ఇంటి కానుక. ఎంతైన మనోళ్ళే గదా" అన్నాడు. కంకులు ఎత్తాడు, పొగిడాడు. పసుపు ఎత్తాడు, పొగిడాడు. తరువాత గుడ్డలో చెయ్యి పెట్టి సగం బయటికి తీశాడు. చెయ్యి అక్కడే ఆగింది. ముఖంలో నెత్తురు దిగిపోవడం నేను జంపఖానా మీద కూర్చుని చూశాను. మళ్ళీ గంపలోకి జార్చబోయాడు గాని, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలవ్వ ఊరుకోలేదు.

"ఏందిరా గది, ముల్లంగా? ఎత్తి వట్టు. మేం సూడద్దా?"

ఎత్తాడు. ఎత్తక తప్పలేదు. ముసలవ్వకు సరిగా కనిపించలేదు, "పావల వెడ్తున్న, ముదురుది గాకపోతె" అంది. పంతులమ్మ మాత్రం స్టూలు మీద నుంచి లేచింది. "అది మన ఆర్గన్‌లోని గొట్టం కదండీ. దాని నోరు చూడండి" అంది.

మా మామ తెలివైనవాడని ముందే రాశాను. రెప్పపాటులో మనిషి కుదురుకున్నాడు. ఆ ముక్కను ఇంకా ఎత్తుగా పట్టుకున్నాడు. "సూసిండ్రా. యాడికి వోయినయో గా ఇంట్లకెళ్ళే ఎల్లినయి. నా నోటితోని నేను ఇంకేం జెప్పాలె" అన్నాడు. జనం తలలన్నీ నా వైపు తిరిగాయి. అన్ని నెలలు దాచుకున్న కత్తి తిరిగి నా బాపు మీదికే పోతోంది. లేచి మాట్లాడదామంటే నాలుక అంటుకుపోయింది.

వెనక గోడవారగా, పాత ఇత్తడి కోసం వచ్చి నిలబడ్డ సాయిబు తాపీగా అన్నాడు: "గది నా నవాసాగరం గరిట గద సాబ్. నీ బిడ్డ పెండ్లి గిన్నెలకని నువ్వే ఇస్తివి. సంచెడు ఇస్తివి. మర్చినవా?"

"నీకు మతి వోయింది సాయిబ్" అన్నాడు మామ. "ఏదో ఇంకోల్ల గిన్నెలు యాదికొచ్చినట్టున్నయి."

ఆ మాట నిలబడేదేమో కూడా. సాయిబు మాట ఎంత, సంఘ పెద్ద మాట ఎంత. కాని జంపఖానా నడుమ నుంచి మా అత్త లేచింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచి, మొగుడి చేతిలోని ముక్కను చాలాసేపు చూసింది.

"గందుకేనా పులుసు నల్లవడ్డది?" అంది.

రెండడుగులు ముందుకు వేసింది.

"వియ్యపోల్ల ముందట నన్ను సింతపండు కడుగరాదంటివి. నా తల్లిగారిని తిడ్తివి. నేను ఏడ్సుకుంట గంగాళం తోమిన, ఎంత తోమిన నలుపు పోకపాయె. గొట్టాలు గరిగిచ్చి గిన్నెలకు పూస్తివా? పూసి నన్నంటివా?"

ఎక్కడో ఒకరు నవ్వారు, ఆ నవ్వు అంటుకుంది. మామ గొట్టాన్ని ఏం చేయాలో తెలియక చేతులు మార్చుకున్నాడు. అప్పుడు ఆయన నోటి నుంచి వచ్చిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "లోపటియి ఉత్తగనే వడి ఉన్నయనుకున్న. ముందటియి నేను ముట్టలే" అన్నాడు. నిజంగానే ముట్టలేదు. బంగారు రంగువి పాడతాయని, వెనకవి మిగులు సామాను అని నమ్మాడు. లోపలివి తీసినా ఎవరికీ వినబడదనుకున్నాడు. నేను తలుపు వైపు చూశాను. బాపు మెట్టు మీద చెరుకు తోటల వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీపు ఒక్కటే కనిపించింది.

అయ్యగారు గబగబా వెళ్ళి బాపు చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికి నాకు నోరు వచ్చింది. "పంపినోడే పిలువాలె" అన్నాను. అందరి ముందూ రెండుసార్లు అన్నాను. మామ ఆ చర్చి పొడుగునా నడిచి వెళ్ళి, మెట్టు దగ్గర నిలబడి, "బావా, లోపటికి రా" అన్నాడు. అన్నానికి పిలిచినప్పుడు లేచినట్టు, "వస్త తియ్" అని బాపు లేచి వచ్చాడు. సంఘం ఆ సాయంత్రమే కూర్చుని, బాపుకు చెప్పిన తీర్పునే మామకు చెప్పింది. మరుసటి ఆదివారం నుంచి మెట్టు మామది. గొట్టాలకు బదులుగా బోధన్‌లో రేకు డబ్బాలు కత్తిరించి కొత్తవి చేయించి తెచ్చాడు కూడా. పెట్టి వాయిస్తే మేక అరిచినట్టు అరిచాయి. పంతులమ్మ తీసేయించి, మిగిలిన గొట్టాలతోనే పండుగలకు వాయించింది.

ఆ ఆదివారాలు నావి. అందరికన్నా ముందు వెళ్ళి, నా చోటు విడిచి తలుపు పక్కన కూర్చునేదాన్ని. ఎండ పాకుతూ వచ్చి మామ బట్టతల మీద పడేదాకా చూపు తిప్పేదాన్ని కాదు. కాని నా పంటను నాకు తిననివ్వనివాడు ఒకడున్నాడు, మా బాపే. మొదటి పాట పాడేసి, ప్రసంగం మొదలుకాగానే లేచి వచ్చి, నా పక్కనుంచే బయటికి వెళ్ళి మెట్టు మీద మామ పక్కన కూర్చున్నాడు. బీడీ వెలిగించి సగం తాగి సగం ఆయనకు ఇచ్చాడు. మళ్ళీ ఆదివారం కూడా అంతే. ఇంట్లో పట్టుకుని అడిగాను.

"నిన్ను దొంగను జేసిండు గదా బాపు."

"జేసిండు."

"మరి పక్కకు పోయి కూసుంటవా?"

"ఆడ ఒక్కడే కూసుంటె పొద్దు ఎంత పొడుగుంటదో నాకెరికె బిడ్డ. వానికి తెల్వది."

"తెల్వనీ. తెల్వాలనే గద నేను కూసోవెట్టిచ్చింది."

బాపు నవ్వి తలగుడ్డ దులుపుకున్నాడు. ఆయనతో నేను చాలా రోజులు మాట్లాడలేదు. నాతో అవ్వ మాట్లాడలేదు. "నా తమ్మున్ని గంతమందిల నిలవెట్టినవ్. నాకు జెప్తె నేను అడగకపోదునా" అంది. అడగవలసిన రోజున తల కిందికి వేసుకున్న మనిషి ఆమె, ఆ మాట ముఖం మీదే అన్నాను. తరువాత ఆమె నా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అది నాకు తగిలిన దెబ్బ. దెబ్బే, కాని చేసినందుకు విచారం లేదు. మామను కొన్నాళ్ళకు లోపలికి రానిచ్చారు, ఇంకొన్నాళ్ళకు మళ్ళీ పెద్దను చేశారు. జనానికి ముందు బెంచీలో ఎవరో ఒకరు గడియారం పెట్టుకుని కూర్చోకపోతే తోచదు.

డెబ్బైలు మొదలయ్యాక, చెరుకు కొట్టే కాలంలో బాపు పోయాడు. శవపెట్టెను చర్చిలోకే తీసుకువచ్చారు. లోపలికి, నడుమకు. పంతులమ్మ స్టూలు మీద కూర్చుంది గాని, వెనక గాలి కొట్టేవాడు లేడు. ఆ సందులో అన్నేళ్ళుగా బాపు తప్ప ఎవరూ దూరలేదు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే మామ మొదటి బెంచీ నుంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. "నేను గొడ్త బిడ్డ. బావ మెట్టు మీద కూసున్నప్పుడు ఎట్ల గొట్టాల్నో చెప్పిండు" అన్నాడు. వద్దు అనడానికి నోరు తెరిచాను. మళ్ళీ ఆలోచించి, "పో, కొట్టు" అన్నాను.

జాలిపడి అనలేదు. పరదా పక్కనే వెళ్ళి నిలబడ్డాను. కింద బాపు పాదాలుండే చోట బూట్లు కనిపించాయి. పాట మొదలైంది. గొట్టాలు లేని చోటు వచ్చేసరికి పాట తెగింది. ముందు కూర్చున్నవాళ్ళకు అక్కడ నిశ్శబ్దమే. వెనక నిలబడ్డ మనిషికి నిశ్శబ్దం కాదు. తాను కొట్టిన గాలి, తాను చేసిన కన్నాల్లోంచి బుస్సుమని పోవడం చెవి పక్కనే వినబడుతుంది. ఆ పాటకు చరణాలు చాలా ఉన్నాయి. పంతులమ్మ ఒక్కటీ వదలలేదు. చివరికి వచ్చేసరికి పిడి చప్పుడుతో పాటు నొక్కిపట్టిన ఏడుపు చప్పుడు కూడా వినబడింది. వినబడినంతసేపూ అక్కడే నిలబడ్డాను. ఆ తరువాతే బాపు శవపెట్టె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

ఆ గొట్టాల పెట్టె మోగక ఎన్నో ఏళ్ళయింది. తిత్తిని ఎలుకలు కొట్టాయి. పాట మాత్రం మా ఊళ్ళో ఇప్పటికీ మొదటి పాటే. గొట్టాలు లేని చోట ఆగి ఆగి మా తరంవాళ్ళకు అట్లాగే అలవాటైంది, మా నుంచి పిల్లలకు వచ్చింది, వాళ్ళ నుంచి వాళ్ళ పిల్లలకు పోయింది. నిజామాబాద్‌లో ఒక పెండ్లికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు ఆ పాటను ఆగకుండా పాడితే, "వీళ్ళకు పాట సక్కగ రాదు" అని మా ఊరి పిల్లలు నవ్వుకున్నారట. నేను దిద్దలేదు, దిద్దను. ఆ ఆగే చోట వాళ్ళంతా ఊపిరి తీసుకుంటారు, నేను మామ పేరు తలుచుకుంటాను. కాలం బాపును తీసుకుపోయింది, అవ్వను తీసుకుపోయింది, మామను కూడా విడిచిపెట్టలేదు, నా పగ నిలబడడానికి మాత్రం పాటలో అంత జాగా ఉంచి పోయింది.